నాయన కోసం కొన్న గ్యాస్ టార్చి

మా నాయనతో కలిసి ఏదైనా కొనాలంటే రెండు జన్మల ఓర్పు కావాలి. నాకు ఒక్క జన్మకు సరిపడా కూడా లేదు.

అది రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు. పుంగనూరులో మాకు కొలిమి ఉండేది. నలభై ఏళ్లు సమ్మెట ఎత్తి ఎత్తి నాయన కుడి భుజం పడిపోయింది. చెయ్యి చెవి దాటి పైకి లేచేది కాదు. కొలిమి మూసేస్తే ఆ మనిషి మంచం పడతాడని అమ్మకు దిగులు, నాకూ దిగులే. నేను మదనపల్లెలో ఒక బస్సుల షెడ్డులో గ్యాస్ వెల్డింగు నేర్చుకున్నాను. గ్యాసు మంట చిమ్మే టార్చి ఒకటి ఉంటే సమ్మెట ఎత్తకుండా, కూర్చున్నచోటే ఇనుము అతకొచ్చు, కోయొచ్చు, కాల్చి వంచొచ్చు. నాయన చేతిలో పని ఉంటుందని నా ఆశ.

కుప్పంలో ఒక సాయిబు మిలిటరీవాళ్లు వదిలించుకున్న సామాను బెంగుళూరు నుంచి రైల్లో తెప్పించి అమ్ముతున్నాడంటే ఇద్దరం వెళ్లాం. అక్కడ మొదలైంది నా ఖర్మ. సాయిబు చూపించిన ప్రతి టార్చినీ నాయన అరచేతిలో ఎగరేసి బరువు చూశాడు, గోటితో గీకాడు, పక్కన పడేశాడు. ఇత్తడితో చెంబులు చేస్తారు గానీ పనిముట్లు చేస్తారా అని వాదన. చివరికి అన్నిటికంటే పొడుగున్నదాన్ని పట్టుకుని వదల్లేదు. అది కోసేదే గానీ అతికేది కాదని నేనూ సాయిబూ మార్చి మార్చి చెప్పాం. మాకు వచ్చే పనంతా విరిగిన నాగటి కర్రులు, పగిలిన బండి సామాను. ఒకే పిడికి మూతులు మార్చుకునే టార్చి నేను ఎంచాను. సన్న మూతి పెడితే రేకు అతుకుతుంది, లావు మూతి పెడితే కమ్మీ ఎర్రబడుతుంది, కోతకు వేరే తల ఉంది. ఇన్ని మూతులున్నది ఒక్క పనీ సరిగ్గా చెయ్యదన్నాడు నాయన. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. ఆ రోజు ఇద్దరం మొండివాళ్లమే. మధ్యాహ్నానికి ఆయన అలిసిపోయాడు గనక నాది గెలిచింది.

కట్టి ఇస్తూ సాయిబు నాయనతోనే చెప్పాడు. "నూనె మాత్రం దీని దగ్గరికి రానీయొద్దప్పా. ఆక్సిజన్‌కు నూనె తగిల్తే భగ్గుమంటాది."

నాయన తలూపాడు.

మర్నాడు షెడ్డు నుంచి బతిమాలి తెచ్చిన ఆక్సిజన్, గ్యాసు సిలిండర్లు రెండూ కొలిమి పక్కన నిలబెట్టాను. కర్రులు పట్టుకుని రైతులు ముగ్గురు వచ్చి కూర్చున్నారు. నాయన స్నానం చేసి టార్చికి పసుపు కుంకుమ పెట్టి నా చేతికిచ్చాడు. గొట్టం బిగించబోతే మరలు నిగనిగలాడుతున్నాయి. ఆముదం. మా కొలిమిలో ఏ కొత్త పనిముట్టూ ఆముదం పూయకుండా పనికి దిగదు.

నాకు ఒళ్లు మండిపోయింది. రైతుల ముందే అరిచాను. "సాయిబు సెప్పింది యాల ఇనలేదు నాయనా? ఇంగొంచెం ఉంటే ఇద్దరం మసైపోయుందుము."

ఆయన తన అరచేతిని చాలాసేపు చూసుకున్నాడు.

"ఇన్నాను రా. మనసులో ఉండాది. సెయ్యే ఇనలేదు," అన్నాడు. "మాట ఇనని సెయ్యి నిప్పు కాడ ఉండగూడదు. నువ్వే పట్టుకో."

టార్చిని షెడ్డుకు తీసుకెళ్లి జిడ్డు పోయేదాకా బట్టల సోడా కలిపిన నీళ్లతో కడిగించి, ఆరబెట్టి, రెండు రోజుల తర్వాత వెలిగించాను. నాయన రైతుల పక్కన కూర్చుని, పగులు ఎక్కడుందో వేలితో చూపించాడు. బతికినన్నాళ్లూ అలాగే చూపించాడు. టార్చిని మాత్రం మళ్లీ ముట్టలేదు. ఆయన పని మానకూడదని కొన్నదానితో నేనే ఆయన చేత పని మాన్పించాను.