అఖిల పళ్ల అచ్చు

దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. అమీర్‌పేట లేడీస్ హాస్టల్లో కరెంటు పోగానే ఎవరో ఒకరు భయపెట్టే కథ మొదలుపెట్టేవారు. నేను మధ్యలో లేచి, "ఇంతకీ ఆ దెయ్యానికి పళ్లెన్ని?" అని అడిగి అందరి మూడ్ పాడుచేసేదాన్ని. అలాంటి నాకే ఇది జరిగింది. చూసింది చూసినట్టు రాస్తాను.

అప్పట్లో అమీర్‌పేటలో ఏ గోడ చూసినా సాఫ్ట్‌వేర్ కోర్సుల పోస్టర్లే. నా రూమ్మేట్లు నాలుగు నెలల కోచింగ్‌తో ఉద్యోగాల్లో చేరిపోతున్నారు. నేను మాత్రం బీడీఎస్ అయ్యాక కూడా పిల్లల పళ్ల విభాగంలో పీజీ చేస్తూ, పంజాగుట్టలోని మా హాస్పిటల్‌కి రోజూ నడిచి వెళ్లేదాన్ని.

ఫైనల్ పరీక్షకి రకరకాల కేసులు చూపించాలి. ఏ రకం తక్కువైనా గైడ్ సంతకం పెట్టరు. పిల్ల నోరు తెరిస్తే చాలు, నా లిస్టులో ఇంకా ఏం మిగిలాయో గుర్తొచ్చేది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

అఖిలకి ఏడేళ్లు. జూన్‌లో బడులు తెరిచిన కొత్తలో వాళ్లమ్మ బల్కంపేట నుంచి తీసుకొచ్చింది. కింది పాలపన్ను ఒకటి పూర్తిగా పుచ్చిపోయి ఉంటే తీసేశాను. పాలపన్ను అలా ముందే పోతే, వెనక పన్ను ఆ ఖాళీలోకి జరుగుతుంది. తర్వాత రావాల్సిన పన్నుకి చోటుండదు. అందుకే ఖాళీ మూసుకుపోకుండా వెంటనే ఒక తీగ బిగించాలి.

కానీ తీగ కేసులు నా దగ్గర అప్పటికే ఎనిమిది ఉన్నాయి. మూసుకుపోయిన ఖాళీని ప్లేటు పెట్టి మళ్లీ తెరిచే కేసు ఒక్కటీ లేదు. "మూడు నెలలాగి రండమ్మా" అన్నాను. కావాలనే అన్నాను. ఆవిడ కార్డు మీద తేదీ వేయించుకుని, నాకు దండం పెట్టి వెళ్లింది.

ఆ రోజే అఖిల నోట్లో మెత్తటి ముద్ద పెట్టి తీసిన అచ్చులో గట్టి ప్లాస్టర్ పోసి అఖిల పళ్ల నమూనా నేనే చేశాను. అచ్చు తీస్తున్నంతసేపూ ఆ పిల్ల నా కోటు పట్టుకుని కళ్లు మూసుకుంది, ఏడవలేదు. నమూనా అడుగున పేరు, కేసు నంబరు చెక్కాను. అచ్చులో గాలిబుడగ ఉండటం వల్ల ఒక ముందుపన్ను మీద ఆవగింజంత బొడిపె వచ్చింది. ఖాళీ పది మిల్లీమీటర్లు. కేస్ షీట్‌లో రాసి, గైడ్‌తో సంతకం పెట్టించి, నమూనాని నా అల్మరాలో పెట్టి తాళం వేశాను.

బోనాల రద్దీ తగ్గిన వారంలో సెమినార్ కోసం మళ్లీ కొలిచాను. తొమ్మిది వచ్చింది. మొదట తప్పుగా కొలిచి ఉంటానని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇంకో నెలకి ఎనిమిది. ఈసారి అంకె చెప్పకుండా కరీంనగర్ నుంచి వచ్చిన నా బ్యాచ్‌మేట్ స్వప్న చేతికిచ్చాను. రెండుసార్లు కొలిచి "ఎనిమిదే ఉన్నది. ఎందుకే గట్ల చూస్తున్నవ్?" అంది.

ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వెంట్రుకవాసి పెరిగితే పెరుగుతుంది గానీ, ఇంతలా తగ్గదు. తగ్గినా నమూనా మొత్తం తగ్గాలి కదా. మిగతా పళ్ల కొలతలన్నీ షీట్‌లో ఉన్నట్టే ఉన్నాయి. నా చేతిరాత అదే, బొడిపె అదే. ఎక్కడా గీసిన జాడ లేదు. వెనక పన్ను ఒక్కటే కాస్త ముందుకి వాలి ఉంది. నమూనాని మళ్లీ అల్మరాలో పెట్టి తాళం వేశాను.

కార్డు మీద రాసిన రోజునే, మధ్యాహ్నం పూట, వాళ్లమ్మ వచ్చింది. ఒక్కతే వచ్చింది.

"పాపని తీసుకురాలేదేంటమ్మా?" అన్నాను.

"మా అఖిల పోయింది మేడం. బోనాల ముందే. జరమొచ్చింది, నాలుగు దినాలల్ల పోయింది." కార్డు తీసి నా బల్ల మీద పెట్టింది. "మీరు ఎదురు చూస్తరేమోనని, జెప్పిపోదామని వచ్చిన."

అంటే నేను తొమ్మిది చూసేనాటికే ఆ పిల్ల లేదు.

"గా సుద్ద పళ్లుంటయి గద మేడం, మా అఖిలవి నాకిస్తరా?" అని పక్క బల్ల మీదున్న వేరే పిల్లల నమూనాలు చూపించి అడిగింది.

అల్మరా తెరిచి నమూనా తీసి ఇచ్చాను. ఆవిడ రెండు చేతులతో అందుకుని, ఒక్కో పన్ను నిమిరింది. చిటికెన వేలు కొస ఆ ఖాళీలో పెట్టబోయింది. పట్టలేదు. మళ్లీ ప్రయత్నించింది.

"పన్ను తీసినంక రోజూ నేనే గిక్కడ వేలువెట్టి తుడిచేదాన్ని. మంచిగ వట్టేది." తలెత్తి చూసింది. వచ్చిన దగ్గర్నుంచీ మొదటిసారి ఆవిడ ముఖం కాస్త తేలికపడింది. "సందు పూడుతున్నది మేడం. మంచిగైతున్నట్టే గదా?"

"మంచిగైనట్టే అమ్మా" అన్నాను.

నమూనాని కొంగులో చుట్టుకుని, మళ్లీ దండం పెట్టి వెళ్లిపోయింది.

తర్వాత పీజీ పాసయ్యాను. ఆ షీటు ఇప్పటికీ నా దగ్గరే ఉంది: పది, తొమ్మిది, ఎనిమిది. ఆ చివరి రోజు కొలిచే ధైర్యం లేకపోయింది. ప్లాస్టర్ పన్ను ఎలా జరిగిందో తెలిసినవాళ్లనల్లా అడిగాను. ఎవరూ చెప్పలేదు, నాకూ తెలియదు. ఆ ఖాళీ మూసుకుపోవాలని కోరుకున్నది మాత్రం నేనొక్కదాన్నే.