వాకిట్లోకి వచ్చిన పళ్లెం

పాపకు ఉగ్గు చల్లార్చడానికి అటక మీది సత్తు పళ్లెం దించితే, ఎన్నిసార్లు కడిగినా దాని అంచున చింతపండు, బూడిద కలిసిన వాసన అలాగే ఉంది. మా నాయన తల్లి, మా అవ్వ, దాన్ని వాటితోనే తోమేది.

బిజినేపల్లి దగ్గరి మా ఊళ్లో జొన్నలు ఇంటికి చేరాక చర్చిలో కోతల పండుగ జరిగేది. పేడతో అలికిన నేల, మూలన నిలబెట్టిన కంకుల కట్టలు, ఎర్రటి గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసినా పాటల మధ్యలో అరిచే కానుక కోళ్లు, బయట పెద్ద గిన్నెల్లో ఉడికే వేటమాంసం వాసన. ఆరాధన ముగియగానే చిన్నా పెద్దా ఒకే బంతిలో మోదుగు విస్తళ్ల ముందు కూర్చునేవాళ్లం. సంఘం తప్పుపట్టినవాళ్లు మాత్రం గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన కూర్చోవాలి. బంతిలోకి రాకూడదు.

మా మేనత్త మొగుణ్ని వదిలి వేరే మనిషితో వెళ్లిపోయి, మూడేళ్లకు ఒంటరిగా తిరిగొచ్చింది. ఆ ఏడు పండుగకు అవ్వ ఆమెను చెప్పుల దగ్గరినుంచి చెయ్యి పట్టి లేపి, తెచ్చి నా పక్కన కూర్చోబెట్టింది. నాకప్పుడు పదేళ్లు; వాక్యాలు అప్పజెప్పి సండే స్కూల్లో బహుమతి గెలిచినదాన్ని.

"ఏం పంతులమ్మా, జర జరుగు," అంది అత్త.

నేను జరగలేదు, లేచిపోయాను. బయట ఎద్దులు విప్పిన బండి మీదికెక్కి కూర్చున్నాను. లోపల పెద్దమనుషులు నన్ను మెచ్చుకోవడం వినిపించింది. ఆ మెప్పు తియ్యగానే ఉంది గానీ ఆకలేస్తోంది. కాసేపటికి అవ్వ ఈ పళ్లెంలో అన్నం, కూర పెట్టుకుని ఎండలోకి వచ్చింది.

"అత్త లేస్తేనే లోపలికొస్త," అన్నాను.

"అది లేవది. అది దూరం పోయి తప్పిపోయింది, నువ్వు వాకిట్లనే కూసొని తప్పిపోతున్నవ్. యేసయ్యకు ఇద్దరు గావాలె. నన్నేం జెయ్యమంటవ్?"

"నువ్వు తిన్నవా?"

"మీరిద్దరు ఒక్కతాన కూసుంటే తింట."

నేను బండి దిగాను. నన్ను చూసి అత్త జరిగి పక్కన చోటిచ్చింది. తన విస్తట్లోని మూలుగ బొక్క తీసి నా అన్నంలో పెట్టింది.

ఇప్పుడు ఆ నేల మీద టైల్స్ పరిచారు, విస్తళ్లు పోయి కాగితం ప్లేట్లు వచ్చాయి, అవ్వ లేదు. తప్పుపట్టినవాళ్లను గుమ్మం దగ్గర కూర్చోబెట్టే కట్టుబాటు మాత్రం చెక్కుచెదరలేదు. ఈ ఆదివారం అక్కడే మా పాపను దేవునికి ప్రతిష్ఠించే ప్రార్థన, ఆ తర్వాత భోజనాలు. అత్త బంతిలో కూర్చుంటే తాము పాపను దీవించబోమనీ, ముద్ద ముట్టబోమనీ సంఘ పెద్దలు కబురు పంపారు. పాపకు వారం నుంచి దగ్గు. వాళ్లు దీవించకుండా వెళ్లిపోతే ఏమవుతుందోనని నాకు భయంగానే ఉంది. అయినా అత్త నా పక్కనే కూర్చుంటుంది, పాప ఆమె ఒళ్లోనే ఉంటుంది. పెద్దలు వాకిట్లో నిలబడతామంటే నిలబడనీ.

పళ్లెం తోమి బోర్లించాను. ఆ పెద్దలకు ఇందులోనే అన్నం పట్టుకుని ఎండలోకి నేనే వెళతాను. వాళ్లు లోపలికి వచ్చేదాకా నేనూ తినను.