గురక ఆగినప్పుడు

నిద్రలో నాకు ఊపిరి ఆగిపోతోందని మొదట ఎవరు గమనించారని డాక్టర్ అడిగితే, బస్సులో పక్కన కూర్చున్న ఒకావిడ అని చెప్పాను. ఆవిడ పేరు నాకు తెలియదు.

ఎనభై అయిదు ప్రాంతంలో, డెట్రాయిట్ నుంచి షికాగో వెళ్లే బస్సులో కలిసింది. యాభై దాటిన తెలుగావిడ. చీర మీద మగవాళ్ల కోటు వేసుకుంది. పలకరింపులయ్యాక పట్టపగలే నాకు నిద్ర ముంచుకొచ్చింది. అప్పట్లో ఎక్కడ కూర్చుంటే అక్కడ కునుకు పట్టేది. ఫ్యాక్టరీ పని అలసటే అనుకునేవాణ్ణి.

ఎవరో భుజం పట్టి గట్టిగా కుదిపితే లేచాను. ఆవిడే.

"మీ గురక ఆగిపోయింది బాబూ. ఊపిరి కూడా ఆడలేదు. ఊరెళ్లగానే డాక్టర్‌కి చూపించుకోండి."

నేను నవ్వేసి, అలవాటేనండీ అన్నాను. ఆవిడ నవ్వలేదు.

"మా వారికీ ఇంతే. ఆయన గురకకి నాకు నిద్ర ఉండేది కాదు. ఒక రాత్రి ఉన్నట్టుండి ఆగింది. అమ్మయ్య అనుకుని అటు తిరిగి పడుకున్నాను. తెల్లారేదాకా హాయిగా నిద్రపోయాను బాబూ."

నేను నిటారుగా కూర్చుని, తప్పకుండా చూపించుకుంటానండీ అన్నాను.

తలూపింది. "అలిసిపోయారు, పడుకోండి. నేను చూస్తుంటాను" అంది.

షికాగో వచ్చేదాకా నా వైపే తిరిగి కూర్చుంది.