జీపుకు అడ్డంగా పరిచిన పడుగు

నా చిన్నప్పుడు నేను చెప్పిన ఒక మాట సినిమాలో ఉంది. ఆ సినిమా తీసినవాళ్లు మళ్లీ మళ్లీ వచ్చి నన్ను తీస్తూ పోయారు. కొత్తది తీసినప్పుడల్లా ముందు ఆ పాత ముక్క చూపించేవారు. తొమ్మిదేళ్ల నేను, జుట్టు నుదుటి మీద పడి, ముక్కు ఎగబీల్చుకుంటూ ఆ మాట అంటాను. అది అబద్ధం. ఆ సంగతి నాకూ, మా పక్కింటి పెద్దమ్మకూ తప్ప మొన్నటిదాకా ఎవరికీ తెలియదు. చెప్పాల్సినవాణ్ణి నేను. ముప్పై నాలుగేళ్లు చెప్పలేదు.

మాది రామన్నపేట దగ్గర, బట్టలు నేసే సాలోళ్ల వాడ. నాగార్జునసాగర్ కట్ట పనికి మా చుట్టుపక్కల ఊళ్ల నుంచి మనుషులు లారీలెక్కి పోతున్న రోజులవి. పట్నం నుంచి కళ్లద్దాల సారు ఒకాయన కెమెరా పట్టుకుని మా బడికి వచ్చాడు. జిల్లాలో నలుగురైదుగురు పిల్లల్ని ఎంచుకుని, వాళ్లు పెరిగి పెద్దయ్యేదాకా కొన్నేళ్లకోసారి వచ్చి తీస్తాడట. మా ఊళ్లో నన్నూ, గొల్లోళ్ల పిల్లవాణ్ణీ పక్కన నిలబెట్టి చూశాడు. రేపు పొద్దున వచ్చి ఒకరిని తీసుకుంటానన్నాడు. ఎవరు ముందు జీపు దగ్గరికి పోతే వాళ్లనే తీసుకుంటాడని నాకు నేనే అనుకున్నాను.

మరునాడు మా వాడలో పెద్దమ్మ పడుగు పరిచి ఉంది. పడుగంటే మగ్గం మీద నిలువుగా పోయే నూలు. దాన్ని వీధి పొడవునా చాపి, అక్కడక్కడ జంట కర్రలు అడ్డంగా కట్టి, వాటి మీద ఆనించి గంజి పట్టిస్తారు. ఇద్దరు మనుషులు అటొకరు ఇటొకరు కుంచెలతో దువ్వుతూ నడుస్తారు. ఎండ ముదరకముందే పని అయిపోవాలి. తడి పడుగును ఎత్తడానికి లేదు, దాటడానికి లేదు. అది ఆరేదాకా ఏ బండైనా వాడ చివర ఆగాల్సిందే. ఎవరి పడుగైనా సరే గంజిలో పెద్దమ్మ వేలు ముంచి ఊఁ అంటేనే పొయ్యి మీద నుంచి దించేవారు. ఆమె లాగి చూసి ఒప్పుకున్నాకే కర్రలు గట్టిగా కట్టినట్టు లెక్క. మొగుడు పోయి, పిల్లలు లేక, ఆమెకున్నదల్లా ఆ పెద్దరికమే.

జీపు వచ్చి ఆగింది. డ్రైవరు హారన్ కొట్టాడు. పెద్దమ్మ కుంచె ఆపలేదు.

"అమ్మా, కొంచెం పక్కకు తియ్యండి, ఈ లేత వెలుతురు పోతుంది" అన్నాడు సారు.

"వెలుతురు పోతె రేపొస్తది. గీ పడుగు పోతె నీ అయ్య తెస్తడా?" అంది పెద్దమ్మ. "దొర బండే ఆగింది గీడ. నీ జీపెంత? జర కూసో, సల్ల తాగు."

వాడంతా నవ్వింది. సారుకు అది నచ్చిందో కోపమొచ్చిందో గానీ, కెమెరా ఆమె వైపు తిప్పించాడు, అందరి కళ్లూ దాని మీదే ఉన్నాయి. ఆ సమయానికి గొల్లోళ్ల పిల్లవాడు అటు నుంచి జీపు దగ్గరికి చేరడం చూశాను. నాకు ఆగబుద్ధి కాలేదు. పడుగు కింద నుంచి దూరి ఉరికాను. నా కాలు కర్రకు తగిలింది. తగిలిందని రాయడం కూడా తప్పించుకోవడమే. అడ్డమొచ్చిందని తన్నాను. కర్ర పడింది, దాని వెంట ఇంకోటి పడింది, గంజి తడి పడుగంతా దుమ్ములో పడింది.

సారు నా ముందు గొంతుక్కూచుని అడిగాడు, "ఏమైంది బాబూ?" కెమెరా నా మొహం మీద ఉంది. మా బాపు, నాన్నను మేమలాగే పిలుస్తాం, కుంచె పట్టుకుని అవతలి పక్కన ఉన్నాడు.

"పెద్దమ్మ కర్ర సక్కగ కట్టలే" అన్నాను.

పెద్దమ్మ నన్ను చూసింది. తన్నినప్పుడూ చూసింది, అప్పుడూ చూసింది. కూచుని పోగులు విడదీయడం మొదలుపెట్టింది. సారు నన్నే తీసుకున్నాడు.

మధ్యాహ్నం పెద్దమ్మ నన్ను పిలిచి తన పక్కన కూచోబెట్టుకుంది. తెగిన పోగులు అతకడం చూపించింది. చాలాసేపు అతికాక భయం పట్టలేక అడిగాను.

"బాపుకు చెప్తవా పెద్దమ్మా?"

"నేనెందుకు చెప్త? నోరు నీది. నువ్వే చెప్పుకో."

"ఎప్పుడు?"

"నీకు చెప్పబుద్ధైనప్పుడు. నేను యాడికి పోత?" అని, నా చేతిలోని పోగు చూసి, "గది గాదు, దాని పక్కది" అంది.

ఆమె కొట్టి ఉంటే బాగుండేదని తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాను. కొడితే ఆ రోజుతో తీరిపోయేది.

ఏడాదికి సినిమా తెచ్చి, బడి కిటికీలకు గొంగళ్లు కట్టి చూపించారు. మార్పుకు అడ్డం నిలిచే పాతకాలపు మొండి మనిషి అని తెర వెనుక గొంతు ఆమెను గురించి చెప్పింది. ఆ వెంటనే నా మాట వినిపించింది. మరునాటి నుంచే కుర్రవాళ్లు మొదలుపెట్టారు, "ఏం పెద్దమ్మా, ఇయ్యాలన్న గట్టిగ కట్టినవా?" అని. "ముందుగాల నీ మొలతాడు కట్టుకో పోరా" అనేది ఆమె. నోటికి తక్కువ కాలేదు. కానీ గంజి చూడమని పిలిచే ఇళ్లు తగ్గుతూ వచ్చాయి. నేను పదిహేడేళ్లకు వచ్చేసరికి ఎవరూ పిలవడం లేదు.

అప్పుడూ సినిమావాళ్లు వచ్చారు. నా ఇరవై అయిదో ఏట, ముప్పై మూడో ఏట కూడా వచ్చారు. మగ్గం వదిలి బట్టల దుకాణంలో కుదిరిన సంగతి చెప్పాను, పెళ్లి సంగతి చెప్పాను, కొడుకు చదువు సంగతి చెప్పాను. పెద్దమ్మను కూడా తీస్తామని వాళ్లు అడిగినప్పుడల్లా, "ముందటి ముచ్చట సక్కగైనంక రాండ్రి" అని తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడేది. మొండిదని వాళ్లు నవ్వేవారు. నేనూ వాళ్లతో నవ్వాను. అబద్ధం కన్నా ఆ నవ్వే నాకు ఎక్కువ సిగ్గు.

పోయిన ఎండాకాలం సారు మళ్లీ వచ్చాడు. జుట్టంతా నెరిసింది. కెమెరా పెద్దమ్మ ఇంటి ముందు పెట్టమన్నాను. ఎందుకో చెప్పాను.

"అదంతా ఇప్పుడెందుకయ్యా? చూసేవాళ్లకు నీ జీవితం కావాలి" అన్నాడు.

"ఇదే నా జీవితం సారూ. ఇది తియ్యకుంటే నా మీద తీసిందంతా కోసి పారెయ్యండి. ఆమెను మొండిదన్నారు చూడండి, ఆ మాట కూడా."

మా బాపుకు కూడా నచ్చలేదు. ఎన్నడో అయిపోయింది, వాడలో ఇజ్జత్ తీసుకుంటవా అన్నాడు. ఇజ్జత్ పోయింది ఆమెది, నాది కాదు అన్నాను. మా బాపుకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి. సారు తీశాడు గానీ, సినిమాలో ఉంచుతాడో లేదో నాకు నమ్మకం లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఇప్పుడు దుకాణంలో పొరపాటు నాదైతే, ఎవరైనా అడిగేలోపే నోరు తెరుస్తున్నాను. ఆ పోగులు అతికిన మధ్యాహ్నం నుంచి నాకు మిగిలింది అదొక్కటే. దానికీ ఇన్నేళ్లు పట్టింది.

కెమెరా తన ఇంటి ముందు పెట్టిన రోజు పెద్దమ్మ గోడ పట్టుకుని గడప దాకా వచ్చింది. వాడ జనం మూగారు. నేను నేల చూస్తూ చెప్పాను. ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"గట్టిగ చెప్పు కొడుకా. గా మూలింటికి ఇనవడలే."

తలెత్తి, మూలింటి వైపు తిరిగి, మళ్లీ చెప్పాను. "పెద్దమ్మ కర్ర సక్కగనే కట్టింది. నేనే తన్నిన. మా బాపు కొడతడని అబద్ధం చెప్పిన. ఆమె తప్పు రవ్వంత లేదు. తప్పయింది పెద్దమ్మా, నన్ను మాఫ్ చెయ్యి."