లాయరన్న ఇచ్చిన రెండు మాటలు, ఒక బోరు

నల్లకోటు కొత్తగా కుట్టించుకున్న ఆ రోజుల్లో, పెద్దవాళ్ళు ఒక మాట అన్నారంటే దానికి ఏదో అర్థం ఉంటుందని నమ్మేవాణ్ణి. (కోటు వెలిసిపోయింది. నమ్మకం సంగతి అడక్కండి.) అనంతపురంలో నేను జూనియరుగా చేరిన ఏడాదే మా సీనియరు ఎమ్మెల్యే అయ్యాడు. జనానికి ఆయన లాయరన్న. ‘కాదు’ అనే మాట ఆయన నోట పలికేది కాదు. ఎవరేమడిగినా భుజం తట్టి, “అయిపాయ అనుకో, పో” అనేవాడు. అడిగినవాడు సంతోషంగా ఇంటికి పోయేవాడు. పని కూడా అంతటితో పోయేది కాబట్టి ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

ఇబ్బంది నాతో మొదలైంది. గార్లదిన్నె పక్క పల్లె నుంచి ఒక రైతు వచ్చి, “నా స్థలంలో ఊరోళ్ళు బోరేస్తామంటాండారన్నా, ఆపించల్ల” అన్నాడు. సీనియరు కారెక్కుతూ, “అయిపాయ అనుకో” అని నావైపు చెయ్యి ఊపాడు. నాకది తొలి కేసు. అదే పనిగా తిరిగి, సీనియరు పేరు మీదే వాదించి, కేసు తేలేదాకా ఆ సర్వే నంబరులో ఎవరూ బోరు వేయకూడదని కోర్టు ఉత్తర్వు తెచ్చేశాను.

ఆ కాపీ పట్టుకుని రైతు బైకు వెనక కూర్చుని, యుద్ధం గెలిచినవాడిలా పల్లెలో దిగాను. అక్కడ షామియానా, బోరు లారీ, ఖాళీ బిందెలతో ఆడవాళ్ళు. ఊళ్ళో ఉన్న ఒక్క బోరూ ఎండిపోయింది, ట్యాంకరు వస్తే వచ్చినట్టు. లారీ ముందు, మెడలో బంతిపూల దండతో, టెంకాయ కొట్టడానికి చెయ్యెత్తి మా సీనియరు! ఆ ఊరివాళ్ళకూ అదే మాట ఇచ్చాడట. ఖర్మకాలి ఆయన పీయే కూడా నాలాగే కొత్తవాడు, మాట నమ్మి లారీ పిలిపించేశాడు.

“ఆపండి! కోర్టు ఉత్తర్వు!” అని అరిచాను.

“యా లాయరు తెచ్చినాడ్రా అది?” అన్నాడు సీనియరు.

“మీరేనన్నా.”

ఒక అవ్వ బిందె కింద పెట్టింది. “ఏమప్పా లాయరన్నా, ఏయమనేదీ నువ్వే, వద్దనేదీ నువ్వేనా? మరి మేం నీ మాటలే తాగల్లనా?”

“నా తరపు కాదా అన్నా నువ్వు?” అని రైతు. ఈ వేసవికి మళ్ళీ ఇటు రాలేనంటూ లారీ డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు.

సీనియరు నన్ను పక్కకు లాగాడు. “ఉత్తర్వు యాడిదాకా ఉండాదిరా?”

“ఆ సర్వే నంబరు వరకేనన్నా. దారికవతల వర్తించదు.”

ఆయన వెలిగిపోయి జనం వైపు తిరిగాడు. “అవతల చేను ఎవురిదప్పా? నేను మాట్లాడతా!”

 అవ్వ బిందె మళ్ళీ చంకనెత్తుకుంటూ అంది: “నీదే గదా సామీ.”

అది ప్లాట్లు వేయాలని ఉంచుకున్న చేను. (వెంచరుకు ఆయన భార్య, మా వదిన, అప్పటికే ఒక పేరు కూడా పెట్టేసింది.) అంతకుముందు టెంకాయతో జల చూసి, నీళ్ళు రైతు స్థలంలో తప్ప యాడా లేవని తేల్చిన ఊరి పెద్దమనిషే, అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని దారి దాటాడు. చేను నడిమధ్యకు పోయేసరికి, కింద నీళ్ళున్నాయన్నట్టు టెంకాయ నిటారుగా లేచి నిలబడింది. (దానికీ ఆ ఊళ్ళోనే ఓటున్నట్టుంది.)

సీనియరు టెంకాయను చూశాడు, బిందెలను చూశాడు, నన్ను మాత్రం చాలాసేపు చూశాడు. ‘కాదు’ అనడానికి నోరు తెరిచాడు. అలవాటు లేక అది రాలేదు.

“అయిపాయ అనుకో” అన్నాడు నీరసంగా. ఆ మాట అన్న రోజే పని జరగడం ఆయన జీవితంలో అదే మొదలు. సాయంత్రానికి నీళ్ళు పడ్డాయి.

తర్వాతి ఎన్నికల్లో ఆయన ఓడిపోయి మళ్ళీ కోర్టుకొచ్చాడు. మొన్న ఇద్దరం అటు పోతూ ఆ బోరు దగ్గర ఆగాం. పక్కన కట్టిన ట్యాంకు మీద ఇప్పటి ఎమ్మెల్యే పేరు, నా తలకాయంత అక్షరాల్లో. సీనియరు దోసిలిపట్టి నీళ్ళు తాగి, ఆ పేరు నిదానంగా చదివాడు.

“చేను నాది, పేరు వానిదా? కేసేద్దామారా?”

“అయిపాయ అనుకో అన్నా” అన్నాను.

ఆయన పొలమారేలా నవ్వాడు. అప్పటి నేనైతే మర్నాడు పొద్దున్నే కేసు వేసి వచ్చేవాణ్ణి, పాపం.