బొట్టు పెట్టిన కంప్యూటరు

సెప్టెంబరు మధ్యలో మొదలయ్యే పెరటాసి నెలలో, జూలూల గడ్డ మీద చాట్స్‌వర్త్‌లో మా వీధంతా మాంసం మానేసేది. శనివారాలు గోవిందుడి పూజ. చివరి శనివారం పూజ మా పక్కింటి అవ్వ ఇంట్లో. ఆ రోజు ఎవరో ఒకరు తెలుగులో కథ చదవాలి. కథ విని, అక్షింతలు నెత్తిన వేసుకుంటేగాని ఎవరూ విస్తరి ముందు కూర్చోరు. చదవడం వచ్చిన ముసలాయన పోయాక కొన్నేళ్లు కథే లేదట, కొబ్బరికాయ కొట్టి సరిపెట్టుకున్నారట. ఆ దేశంలో తెల్లవాళ్లతోపాటు అందరికీ ఓట్లు వచ్చిన మరుసటేడు నేను రాజమండ్రి నుంచి లెక్కల టీచరుగా వెళ్లాను. నా పెట్టెలో ఆ కథ పుస్తకం ఉందని తెలియగానే అవ్వ దీపం పక్కన పీట వేసి నన్ను కూర్చోబెట్టింది. అప్పటినుంచి ఆ పీట నాది.

నాది అని ఊరికే అనడంలేదు. బడిలో నా ఇంగ్లీషు యాసకి పిల్లలు పుస్తకాలు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. స్టాఫ్ రూములో నేనున్నానో లేదో ఎవరికీ పట్టేది కాదు. ఆ ఒక్క శనివారం మాత్రం పెద్దాచిన్నా నా ఎదుట చాప మీద కూర్చుని, అర్థమయ్యేది సగమే అయినా, చేతులు జోడించి వినేవాళ్లు. మొదటి విస్తరి నాకే వేసేవాళ్లు.

అలాంటి చోటికి ఆ హైదరాబాదు పిల్ల దిగబడింది. పక్క పేట మొబేనిలో ఏదో గిడ్డంగిలో కంప్యూటర్లు చూసే ఉద్యోగం. భుజాన ల్యాప్‌టాప్ సంచీ, మా వీధిలో అదే మొదటిది. వచ్చిన వారానికే అవ్వ వరండాలో దాన్ని తెరిచి, "ఒక్క సీడీలో ఎన్ని పుస్తకాలు పడతయో చూడున్రి అక్కా!" అంది. నేను బట్టలు తగ్గించుకుని, ఎయిర్‌పోర్టులో తూకం దగ్గర బతిమాలుకుని తెచ్చుకున్న పుస్తకాల కంటే ఎక్కువే పడతాయి. ఒళ్లు మండిపోయింది. తెర మీద చదివితే కళ్లు పోతాయన్నాను.

అవ్వ నా మాట వింటేగా! కళ్లజోడు సర్దుకుని తెర దగ్గరికి జరిగింది. "హాయిబో! ఇంతింత అచ్చరాలా!" అని జూలూ వాళ్లలాగే ఆశ్చర్యపోయి, నా వైపు తిరిగింది. "పిల్లా, నీ బుక్కు ఈ గర్లుకి ఇయ్యి. మన కతని మిషన్లో ఎక్కిస్తాది."

ఎలా కాదంటాను? ఇచ్చాను.

ఇక రోజూ సాయంత్రం ఆ పిల్ల పని నుంచి నేరుగా అవ్వ ఇంటికే. మా వంటింటి కిటికీలోంచి అవ్వ ముందుగది కనిపిస్తుంది. తెర వెలుగులో ఇద్దరి తలలూ ఒక్కచోట. నవ్వులు కూడానూ! నాతో అవ్వ అలా ఎప్పుడు నవ్వింది? ఆ పిల్ల కథ చదవడం సాధన చేస్తోందనీ, ఈసారి పీట మీద కూర్చోబోయేది అదేననీ నాకు తేలిపోయింది. ఆ ల్యాప్‌టాప్ పేలిపోతే బాగుండునని కూర తిప్పుతూ ఎన్నిసార్లు అనుకున్నానో. రెండు వారాలకు పుస్తకం తిరిగి ఇచ్చేసింది. "మస్తుగుంది అక్కా మీ పుస్తకం" అని నవ్వింది. ఎక్కడైనా చింపిందేమో, మరకేమైనా పడిందేమోనని పేజీ పేజీ తిప్పి చూశాను. దొరికితే ఆ పిల్లని కడిగేద్దామనుకున్నాను. పాడు పిల్ల, అట్ట కూడా వేసి ఇచ్చింది.

పూజ రోజు ఉన్నవాటిలో మంచి పట్టుచీర కట్టుకుని, అందరికంటే ముందే వెళ్లాను. పుస్తకం చేతిలోనే ఉంది. ఆ పిల్ల ఎక్కడ తడబడినా అందుకుని చదివేద్దామని నా ఆలోచన. చూస్తే దీపం పక్కన నా పీటకు ఎదురుగా ఇంకో పీట, దాని మీద ల్యాప్‌టాప్, దానికి పసుపూ కుంకుమా, మూత మీద ఒక బంతిపువ్వు! నా పుస్తకానికి ఏనాడైనా ఒక్క బొట్టు పెట్టారా?

హారతి అయ్యింది. ఆ పిల్ల లేచి, తెర తెరిచి, ఏవో మీటలు నొక్కి, వెళ్లి చాప మీద నా పక్కనే కూర్చుంది. నాకు అర్థం కాలేదు. అప్పుడు అవ్వ కొంగు నడుముకి దోపుకుని, గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చి, నా పీట మీద కూర్చుంది.

తెర మీద తెలుగు కథ ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. అవ్వ వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంటూ మొదలుపెట్టింది. డార్నల్‌లో చక్కెర మిల్లు క్వార్టర్లలో పుట్టిన మనిషి, పుట్టి బుద్ధెరిగి తెలుగు ముక్క చదివింది లేదు. మధ్యలో తెర నల్లబడితే, "దీనికీ నిద్దరొచ్చినాది" అంది, అందరూ నవ్వారు. ఒక మాట తప్పు పలికింది. నేను ఆగలేక గట్టిగా దిద్దాను.

"నువ్వూరుకో టీచరమ్మా. నాకు కనపడతా ఉండాది" అంది, తల ఎత్తకుండా.

కథ పూర్తయ్యేసరికి అవ్వ గొంతు బొంగురుపోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మనవరాళ్లు వచ్చి కాళ్లకు దండం పెట్టారు. నాకు ఏడుపొచ్చింది. సంతోషంతో అని అందరూ అనుకున్నారు. నాకు ఆ పీట కావాలి, అంతే.

భోజనాల వేళ మొదటి విస్తరి ఎప్పటిలాగే నాకే వేసి, గుమ్మడికాయ కూర వడ్డిస్తూ అవ్వ అడిగింది. "పిల్లా, ఇంగిలీసు అచ్చరాల్లో రాస్తే నేను తెలుగు సదువుతానని నీకు తెల్దా?"

నిష్ఠూరంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని. రోజూ పొద్దున వరండాలో కూర్చుని ఇంగ్లీషు పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివే మనిషి. నేను బడికి వెళ్తూ రోజూ చూసేదాన్ని. ఆ కథని అలా రాసివ్వడానికి ఒక పెన్ను, నాలుగు కాగితాలు, ఒక్క ఆదివారం చాలు. దానికి కంప్యూటరు అక్కర్లేదు.

"తెలుసవ్వా" అన్నాను.

అవ్వ గరిటె పట్టుకుని నా మొహంలోకి చూసింది. రెండో విస్తరి నా పక్కన పరిచి, ఆ పిల్లని కేకేసి పిలిచింది.