పిన్ని రాసిన "లేపు"

తప్పు నాదే. "లేపు"లో గాడిద ఓండ్రను పెట్టింది నేనే. దానివల్ల మెషీన్‌లో గుడ్లన్నీ ఉడికిపోయేదాకా, వాటితోపాటు మా పిన్ని ఉద్యోగమూ ఊడేదాకా వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

పిన్ని కోడిగుడ్లు పొదిగించే ఫ్యాక్టరీలో కంప్యూటర్ దగ్గర కూర్చుంటుంది. మెషీన్లకు నియమాలు రాయడం ఆవిడ పని: ఫలానాది జరిగితే ఫలానాది చెయ్యి. మొదట్లో ప్రతి నియమం కిందా ఎర్రలైటు వెలిగించు, గంట కొట్టు, మెకానిక్‌కి ఫోన్ చెయ్యి అని రాసిందే రాసేది. విసుగొచ్చి ఆ మూడింటినీ మూటగట్టి "లేపు" అని పేరు పెట్టింది. ఇక వేడి పెరిగితే లేపు, నీళ్ళు తగ్గితే లేపు, తలుపు తెరిచి ఉంటే లేపు.

"ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ కొత్త పొయ్యి కడతామేంట్రా?" అంటుంది.

ఇంట్లోనూ అంతే. నేను ఆలస్యంగా వచ్చినా, బాబాయి తడి తువ్వాలు మంచం మీద పడేసినా ఒకటే "తిట్టు": గిన్నె మూత ధన్‌మనాలి, మా తాతల దాకా వెళ్ళి రావాలి, చివర్లో అన్నం పెట్టాలి. వరస తప్పదు.

ఓ సెలవు రోజు పిన్నితో ఫ్యాక్టరీకి వెళ్ళాను. స్టోర్ తలుపు దగ్గర కునికే వాచ్‌మన్‌ని అదరగొడదామని, పిన్ని టీకి వెళ్ళినప్పుడు గంట తీసి గాడిద అరుపు పెట్టాను. తలుపు నియమంలో పెట్టాల్సింది, తెలివి ఎక్కువై "లేపు" లోపలే పెట్టాను. ఆ ఊపులో మెకానిక్‌కి ఫోన్ చెయ్యి అన్న లైను కూడా చెరిగిపోయింది. చూసుకోలేదు.

మధ్యాహ్నం పెద్ద మెషీన్‌లో ఫ్యాను ఆగింది. వేడి పెరిగింది. నియమం "లేపు" అంది. హాలంతా గాడిద! జనం పొట్టలు పట్టుకుని నవ్వారు గానీ ఒక్కరూ కదల్లేదు. ఎర్రలైటు చూసిన పిన్ని మాత్రం చెప్పులు కూడా తొడుక్కోకుండా పరిగెత్తి, మెషీన్ తలుపులు బార్లా తీసి, మెకానిక్‌ని కేకేసింది. మర్నాడు పిల్లలు కావాల్సిన గుడ్లవి. బతికాయి.

ఫ్యాను తిరిగాక, పిల్లిలా వెళ్ళి నిలబడ్డాను.

"ఒక్కచోటే కదా పిన్నీ మార్చింది..."

"ఆ ఒక్కచోటినే నమ్ముకుని ఉన్నాయి అన్నీ. కూర్చో, ఎలా ఉండేదో అలా రాయి."

నోరు మూసుకుని రాశాను. మూసుకుని ఎంతసేపు ఉండగలను?

"అయినా పిన్నీ, గాడిద అంత గట్టిగా అరిస్తే ఒక్కడూ లేవలేదేం?"

పిన్ని కళ్ళజోడు పైకి తోసుకుంది.

"నువ్వే మాట్లాడుతున్నావనుకున్నార్రా."